మన ఊట నీరు ఎక్కడి నుంచి వస్తున్నది?



పోయిన ఏప్రిల్ నెలలో ఒకరోజు తెల్లవారుజామున మనమంతా ఊట దగ్గర బకెట్లు పెట్టుకుని లైనులో నిలబడ్డాము. గొట్టం నుంచి నీరు చూపుడు వేలంత లావున కూడా రావడం లేదు. నా ముందు ఆరో తరగతి తమ్ముడు ఒకడున్నాడు. వాడు చాలాసేపు ఆ ధారనే చూసి, "అన్నా, కొండలోన నీరు అయిపోతే మనకేటౌతాది?" అని అడిగాడు. నేను తొమ్మిదో తరగతి. అయినా జవాబు చెప్పలేకపోయాను. "అయిపోదులే" అన్నాను గాని, ఎందుకు అయిపోదో నాకే తెలియదు.

ఆ సాయంత్రం సైన్సు సారుని అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "ముందు ఎంత వస్తున్నదో కొలవండిరా. కొలవకుండా మాట్లాడితే అవి కబుర్లు" అన్నారు. అందుకని మేము నలుగురం కొలిచాము. లైబ్రరీ పుస్తకాలు చదివాము. సారుని విసిగించాము. అలా తెలుసుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

ఎంత నీరు వస్తున్నది?

మా దగ్గర ఉన్న సామాను రెండే. ఒక 15 లీటర్ల బకెట్టు, సారు చేతి గడియారం. ఏప్రిల్‌లో బకెట్టు నిండడానికి 5 నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 3 లీటర్లు, గంటకు 180, రోజుకు 4,320 లీటర్లు. మన హాస్టల్లో 240 మందిమి. పంచితే ఒక్కొక్కరికి 18 లీటర్లు. తాగడం, స్నానం, బట్టలు, కంచం కడగడం అన్నీ ఈ 18 లీటర్లలోనే. వంటకు పోయేది కూడా ఇందులోంచే తీయాలి.

ఆగస్టులో మళ్ళీ కొలిచాము. అదే బకెట్టు 50 సెకండ్లలో నిండిపోయింది. రోజుకు 25,920 లీటర్లు. తలకు 108 లీటర్లు! ఊట అదే, గొట్టం అదే, కొండ అదే. నీరు మాత్రం ఆరు రెట్లు. మధ్యలో జరిగింది ఏమిటి? వానలు పడ్డాయి. అయితే వాన కురవని రోజున కూడా ఊట వస్తూనే ఉంది కదా. ఇది అర్థం కావాలంటే భూమి మీద నీరంతా ఎక్కడ ఉందో, ఎలా తిరుగుతున్నదో ముందు చూడాలి.

భూమి నీరంతా ఒక డ్రమ్ములో పోస్తే

భూమి ఉపరితలంలో సుమారు 71 శాతం నీరే. మొత్తం నీరు దాదాపు 138 కోట్ల ఘనపు కిలోమీటర్లు ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఇంత పెద్ద అంకె మన బుర్రకు ఎక్కదు. కాబట్టి ఆ నీరంతా తెచ్చి 100 లీటర్ల డ్రమ్ములో పోశామనుకోండి.

అందులో తొంభై ఏడున్నర లీటర్లు ఉప్పు నీరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. ఇక మంచినీరు మిగిలింది రెండున్నర లీటర్లు. ఇందులోనూ లీటరున్నరకు పైగా, అంటే సుమారు 1.7 లీటర్లు, మంచుగడ్డ. ఎక్కువ భాగం అంటార్కిటికాలో, గ్రీన్లాండులో, కొంత హిమాలయాల వంటి కొండల మీద. ముప్పావు లీటరు నేల లోపల ఉంది. చెరువులు, మట్టిలో తేమ, గాలిలో ఆవిరి, నదులు అన్నీ కలిపి ఒక చిన్న మందు గ్లాసెడు, సుమారు 10 మిల్లీలీటర్లు.

అందులో ప్రపంచంలోని నదులన్నీ కలిపితే ఎంతో తెలుసా? నాలుగు చుక్కలు! గంగ, గోదావరి, అమెజాను, నైలు అన్నీ ఆ నాలుగు చుక్కల్లోనే. ఇంకో వింత ఏమిటంటే, గాలిలో కనబడకుండా ఉన్న ఆవిరి సుమారు 20 చుక్కలు. అంటే నదుల్లో ఉన్నదానికంటే మన తలల మీద గాలిలో ఉన్న నీరే ఎక్కువ.

మరి నాలుగు చుక్కలు కోట్లాది మందికి ఎలా సరిపోతున్నాయి? తిరుగుతున్నాయి కాబట్టి. హాస్టల్లో కంచాలు తక్కువైనా కడిగి మళ్ళీ మళ్ళీ వాడితే అందరూ తింటారు చూడండి, అలాగన్నమాట. ఆవిరైన నీరు గాలిలో సగటున 9 రోజులే ఉంటుంది, తరువాత కిందికి వచ్చేస్తుంది. సముద్రంలో చేరిన నీరు మాత్రం మళ్ళీ పైకి లేవడానికి సగటున 3 వేల సంవత్సరాలు పడుతుందని అంచనా.

నీరు పైకి ఎలా వెళ్తుంది?

నీటిని పైకి తోడే ఇంజను సూర్యుడు. ఎండ వేడికి నీటి కణాలు ఒకదాన్నొకటి విడిచి గాలిలో కలుస్తాయి. దీన్నే పుస్తకంలో బాష్పీభవనం అంటారు. ఉప్పు మాత్రం పైకి లేవదు, సముద్రంలోనే ఉండిపోతుంది. అందుకే సముద్రం ఉప్పన, వాన నీరు చప్పన. ఆవిరయ్యేటప్పుడు నీరు చుట్టూ ఉన్న వేడిని లాగుకుంటుంది. మట్టికుండలో నీరు చల్లబడేది అందుకే. స్నానం చేసి గాలికి నిలబడితే వణుకు పుట్టేదీ అందుకే.

చెట్లు కూడా నీటిని పైకి పంపుతాయి. వేళ్ళతో తాగిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల రంధ్రాల గుండా ఆవిరిగా వదిలేస్తాయి. దీని పేరు బాష్పోత్సేకం.

చేసి చూడండి: ఎండ ఉన్న రోజున జామచెట్టు కొమ్మ ఒకదానికి ఆకులతో సహా పాలిథిన్ కవరు తొడిగి మూతి దారంతో బిగించండి. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి కవరు లోపల నీటి చుక్కలు కనబడతాయి. ఆ నీరు చెట్టు చెమటే.

గాలిలో చేరే ఆవిరి మొత్తం 100 పాళ్ళనుకుంటే, సుమారు 86 పాళ్ళు సముద్రాల నుంచి, 14 పాళ్ళు నేల మీద నుంచి లేస్తాయి. తిరిగి పడేటప్పుడు 78 పాళ్ళు సముద్రం మీద, 22 పాళ్ళు నేల మీద పడతాయి. జాగ్రత్తగా చూడండి. సముద్రం 86 ఇచ్చి 78 తీసుకుంది, 8 తగ్గింది. నేల 14 ఇచ్చి 22 తీసుకుంది, 8 ఎక్కువొచ్చింది. ఆ 8 పాళ్ళే నదులై, గెడ్డలై, నేల కింద నీరై తిరిగి సముద్రానికి పోతాయి. లెక్క సరిపోయింది! మనుషులంతా బతికేది ఆ 8 పాళ్ళు దారిలో ఉండగానే.

సముద్రం నీరు మన కొండెక్కేది ఎలా?

వేసవిలో నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రం మీది తడిగాలి వస్తుంది. ఇదే నైరుతి ఋతుపవనం. భూమధ్యరేఖకు అవతల హిందూ మహాసముద్రం నుంచి బయలుదేరిన గాలి కూడా ఇందులో ఉంటుంది. సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతుంది. ఆ తరువాత కొద్ది రోజుల్లో మన రాష్ట్రంలోకి వస్తుంది. మన దేశంలో సంవత్సరం మొత్తం కురిసే వానలో సుమారు నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ నాలుగు నెలల్లోనే పడుతుంది.

తడిగాలి తూర్పు కనుమలకు తగిలితే పైకి ఎక్కాల్సిందే. పైకి పోయిన కొద్దీ చల్లబడుతుంది, సుమారుగా కిలోమీటరుకు 6 డిగ్రీలు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. విశాఖపట్నంలో చెమటలు కారుతున్నప్పుడు మనం దుప్పటి కప్పుకునేది అందుకే. చల్లబడిన గాలి ఆవిరిని మోయలేదు. ఆవిరి, ధూళి కణాల మీద సన్నని చుక్కలుగా కట్టుకుంటుంది. అదే మబ్బు. చుక్కలు కలిసి బరువెక్కితే వాన. చలికాలం లంబసింగిలో, మన గ్రౌండులో తెల్లవారి కప్పే పొగమంచు కూడా నేల మీద దిగిన మబ్బే.

ఒక్కోసారి ఈ ఇంజను పిచ్చిగా తిరుగుతుంది. బంగాళాఖాతం నీరు బాగా వేడెక్కినప్పుడు తుపానులు పుడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మన ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లు ఎన్నో కూలిపోయాయి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. భూమి వేడెక్కుతున్న కొద్దీ కుండపోత వానలు ఎక్కువవుతున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నది ఈ లెక్క మీదే.

ఫ్రాన్సు దేశంలో బకెట్టు లెక్క

ఊట నీరు వాన నీరే అంటే ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులే నమ్మలేదు. వాన కొంచెమే కదా, నదులు అంత ఉన్నాయి కదా, కాబట్టి సముద్రం నీరే భూమి లోపల సొరంగాల గుండా కొండల్లోకి ఎక్కి ఊటగా వస్తుందని అనుకున్నారు. 1580లో ఫ్రాన్సులో బెర్నార్ పలీసీ అనే కుండల పనివాడు, ఊటలకు వానే మూలమని రాశాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, కళ్ళతో చూసి తెలుసుకున్నవాడు. తరువాత 1674లో పియర్ పెరో అనే ఆయన సేన్ నది పుట్టే ప్రాంతంలో వాన ఎంత పడిందో, నదిలో ఎంత నీరు పోతున్నదో లెక్క వేశాడు. పడిన వానలో ఆరో వంతు ఉంటే చాలు, నది సంవత్సరమంతా పారుతుందని తేలింది. వాన చాలదన్న మాట అక్కడితో పోయింది.

ఇది చదివి నాకు చాలా సంతోషమైంది. ఆయన చేసిందీ మేము చేసిందీ ఒకే రకం పని. కొలవడం!

నేలలోకి దిగిన నీరు

ఇక మన ఊట సంగతి. కొండ మీద వాన పడితే మూడు దారులు. కొంత ఆకుల మీద, నేల మీద నుంచి మళ్ళీ ఆవిరైపోతుంది. కొంత నేల మీద పారి గెడ్డలో కలుస్తుంది. కొంత మట్టిలోకి ఇంకుతుంది. ఇంకిన నీరు మట్టి గుల్లల్లో, రాతి పగుళ్ళలో నిదానంగా కిందికి దిగుతుంది. కింద గట్టి రాయి అడ్డం వస్తే పక్కకు జరుగుతూ, కొండ వాలులో ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటికి వస్తుంది. అదే ఊట. ఆగస్టులో పడిన వాన జనవరిలో, ఏప్రిల్‌లో ఊటగా రావచ్చు. కాబట్టి కొండ అంటే రాళ్ళగుట్ట కాదు. అది మన ఓవర్‌హెడ్ ట్యాంకు. వానాకాలంలో నింపుకుంటుంది, వేసవిలో మనకు వదులుతుంది. తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

రెండు చుక్కల ప్రయాణం

అనంతగిరి కొండల మీద పక్కపక్కన రెండు చుక్కలు పడ్డాయనుకోండి. ఒకటి తూర్పు వాలులో పడి గోస్తనీ నదిలో చేరింది. బొర్రా గుహల గుండా పోతుంది. అక్కడి సున్నపురాయిని కరిగించి అంత పెద్ద గుహలు చేసింది నీరే. తరువాత తాటిపూడి రిజర్వాయరు. అక్కడి నుంచి కొంత నీరు విశాఖపట్నం కుళాయిలకు పోతుంది. మిగిలింది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

రెండో చుక్క పడమటి వైపు పడి మాచ్‌ఖండ్ నదిలో చేరింది. ఇది సముద్రం వైపు పోకుండా ఒడిశా వైపు తిరుగుతుంది. డుడుమ జలపాతంలో దూకుతుంది. 1955 నుంచి అక్కడ కరెంటు తీస్తున్నారు. తరువాత దాని పేరు సీలేరు. మళ్ళీ కరెంటు ఇస్తుంది. శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, వరిపొలాలు తడిపి చివరికి బంగాళాఖాతం. జానెడు దూరంలో పడిన రెండు చుక్కలు ఇంత దూరం విడిపోయి మళ్ళీ ఒకే సముద్రంలో కలిశాయి. కొండ మీద మనం ఏం చేసినా కింద ఎంతమందికి తగులుతుందో ఆలోచించండి.

మరి ఊట ఎందుకు తగ్గింది?

దసరా సెలవుల్లో మా తాతను అడిగాను. ఆయన చోడి అంబలి తాగుతూ, "అడవుంటే ఊటుంటాది. బోడికొండ మీద వాన నిలబడదురా, ఎల్లిపోతాది" అన్నాడు. తాత చదువుకోలేదు. కానీ చెప్పింది నిజమేనా అని మేము పరీక్ష చేసి చూశాము.

చేసి చూడండి: రెండు పాత రేకులు తీసుకోండి. ఒకదానిలో గడ్డితో, రాలిన ఆకులతో ఉన్న మట్టిని పెళ్ళగా తెచ్చి పెట్టండి. రెండోదానిలో తొక్కుడు పడిన బోడి మట్టి పెట్టండి. రెండింటినీ ఒకేలా వాలుగా పెట్టి, చెరొక చెంబు నీరు పైనుంచి చిల్లుల డబ్బాతో పోయండి. కింద పెట్టిన గిన్నెల్లో ఏది ముందు నిండిందో, ఏ నీరు ఎర్రగా ఉందో చూడండి.

మాకు బోడి మట్టి కింది గిన్నె వెంటనే నిండింది. నీరు టీ రంగులో ఉంది. గడ్డి మట్టి చాలాసేపు నీటిని పట్టుకుని, తరువాత నిదానంగా చుక్కలు చుక్కలుగా వదిలింది. అదే ఊట!

చెట్టు కూడా నీరు తాగుతుంది కదా, చెట్లుంటే నీరు తగ్గదా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. చెట్టు తాగే మాట నిజమే. కానీ చెట్టు వేళ్ళు నేలను గుల్ల చేస్తాయి, రాలిన ఆకులు వాన దెబ్బను ఆపుతాయి. మన కొండ లాంటి వాలులో ఆ లాభం పెద్దది. మన ఊట పైన చెట్లు ఎవరో బయటివాళ్ళే కొట్టారని అనలేము. మనం కూడా చలిమంటలకు, కర్రాటలకు నరికాము. అబద్ధం చెప్పి లాభం లేదు.

ఊట నీరు శుభ్రమేనా?

మట్టి గుండా దిగిన నీరు కొంత వడకట్టబడుతుంది. కానీ పగుళ్ళ గుండా వచ్చే నీరు వడకట్టుకోకుండా తొందరగా వచ్చేస్తుంది. పోయిన జులైలో మొదటి పెద్ద వానలకు మన హాస్టల్లో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్న సంగతి మరిచిపోలేదు కదా. ఒక మిత్రుడిని ఆసుపత్రికి మోసుకుపోయాము. రెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఆ రెండు రాత్రులు డార్మెటరీలో ఎవరమూ నిద్రపోలేదు. తరువాత మేము ఊట పైకి వెళ్ళి చూశాము. పశువులు అక్కడే నిలబడుతున్నాయి. మనలో కొందరు చెంబు పట్టుకుని వెళ్ళేదీ ఆ పైవైపుకే. వాన పడితే అదంతా ఎక్కడికి వస్తుంది? మన గ్లాసులోకి. నీరు తిరుగుతుందని ముందు చెప్పాను కదా, నీటితోపాటు మనం వేసిందీ తిరిగి మన దగ్గరికే వస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి పోయేలోగా చేయవలసింది: కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు (రెండూ తలకొట్టి కొలవాలి) కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ఒంట్లో పోయిన నీరు తిరిగి చేరుతుంది.

మనం చేయగలిగినవి

1. వంటశాల పక్క కుళాయి కారుతున్నది. దాని కింద రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా బకెట్టు పెట్టి కొలిచాము. 10 లీటర్లు! అంటే రోజుకు 30 లీటర్లు. ఏప్రిల్‌లో ఒకరి వాటా 18 లీటర్లే. ఆ కుళాయి ఒక్కటే ఒకటిన్నర మంది కంటే ఎక్కువ నీరు తాగుతున్నది. ఒక్క వాషరు వేయిస్తే చాలు. వార్డెను సారు దయచేసి చూడగలరు.

2. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన డార్మెటరీ కప్పు 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, అంటే 240 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 6,000 లీటర్లు. ఏప్రిల్‌లో ఊట ఒక రోజంతా ఇచ్చేదానికంటే ఎక్కువ. మొదటి వాన వదిలేసి, తరువాతి వాన నీటిని గొట్టంతో ట్యాంకులోకి పట్టుకుంటే బట్టలకు, స్నానాలకు పనికొస్తుంది.

3. ఊట పైవైపు ముళ్ళకంప కట్టి పశువులను, మనల్ని మనం ఆపుకోవాలి. చెంబు పట్టుకుని అటు వెళ్ళేది లేదు.

4. వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తవ్వి, గట్టు మీద గడ్డి, మొక్కలు పెట్టాలి. శ్రమదానం ఆదివారం రెండు గంటలు చాలు.

5. ప్రతి నెలా మొదటి ఆదివారం బకెట్టు, గడియారం పట్టుకుని ఊటను కొలిచి ఈ గోడ పత్రిక మూలన అంకె రాయాలి. మేము పదో తరగతి అయి వెళ్ళిపోయాక తమ్ముళ్ళు కొనసాగించాలి. అప్పుడే తాతలు చెప్పిందీ, పుస్తకం చెప్పిందీ మన అంకెతో సరిచూసుకోగలం.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాను. భూమి మీద నీరు అయిపోదు. అది తిరుగుతూనే ఉంటుంది. కానీ మన కొండలో నీరు అయిపోవచ్చు. నీరు తిరిగి మన దగ్గరికి వచ్చినప్పుడు కొండ దాన్ని ఆపుకోలేకపోతే, ఏప్రిల్‌లో గొట్టం ఎండిపోతుంది. ఆపే పని సూర్యుడిది కాదు, సముద్రానిది కాదు. మనదే. వచ్చే ఆదివారం ఉదయం టిఫిను అయ్యాక పార, గునపం ఉన్నవాళ్ళు ఊట దగ్గరికి రండి. లేనివాళ్ళు ఒట్టి చేతులతో అయినా రండి.

— 9వ తరగతి విద్యార్థి